ఒక్క పోగు తేడా

ఒక క్రోమోజోము తక్కువైతే ఆడపిల్ల ఎత్తు ఆగిపోతుంది. ఒకటి ఎక్కువైతే మగపిల్లాడు పెద్దయ్యాక తండ్రి కావడం కష్టమవుతుంది. మొదటిదాన్ని మనం ‘పొట్టి వంశం’ అంటాం. రెండోదానికి భార్యను నిందిస్తాం. నిజం తేల్చడానికి ఒక చెంచాడు నెత్తురు చాలు.

హైదరాబాద్ బోరబండ సైట్-3లో రెండు గదుల వాటా ఒకటి ఊహించుకోండి. ఇంటాయన హైటెక్ సిటీ కంపెనీలకు క్యాబ్ నడుపుతాడు. ఇంటావిడ గుమ్మం పక్కనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఇద్దరూ ఆడపిల్లలే. చిన్నదానికి పన్నెండు నిండాయి, మొన్ననే మోతీనగర్‌లో హాఫ్‌శారీ ఫంక్షన్ చేశారు. వేదిక మీద చెల్లి పక్కన నిలబడిన అక్కకు పదిహేనేళ్లు. కానీ చెల్లి చెవి దాకా కూడా రాదు. అక్షింతలు వేయడానికి వచ్చిన ఒకావిడ ఉండబట్టలేక అడిగింది: “పెద్దదాని ఫంక్షన్ ఎప్పుడు చేసిండ్రు వదినా, మమ్మల్ని పిలవనే లేదు?” తల్లి నవ్వి ఊరుకుంది. ఆ రాత్రి చీరలు మడతపెడుతూ కళ్లు తుడుచుకుంటుంటే అత్తగారు ఓదార్చింది: “మా ఇంట్ల అందరం పొట్టోళ్లమే. రంది పెట్టుకోకు బిడ్డా, లేటైతది గాని అయితది.”

అదే వీధి చివర మూడో అంతస్తులో ఒక జంట. ఇద్దరివీ మాదాపూర్‌లో ఉద్యోగాలు. పెళ్లై ఆరేళ్లు. ఆమెకు స్కానింగులు అయ్యాయి, గర్భనాళాల పరీక్ష అయింది, థైరాయిడ్ చూశారు, మందులు మార్చారు, మొక్కులు తీర్చారు. పండక్కి ఊరెళితే అత్తగారు కోడలి వైపే చూస్తుంది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ అతడి వీర్యాన్ని పరీక్షకు పంపలేదు.

ఈ రెండిళ్లూ ఊహించినవే. కానీ చదువుతుంటే ఎవరో ఒకరు మీకు గుర్తొచ్చే ఉంటారు. ఎదగకపోవడానికీ సంతానం లేకపోవడానికీ కారణాలు చాలా ఉంటాయి. వాటిలో ఒకటి మాత్రం రెండిళ్లకూ ఉమ్మడిది కావచ్చు. అదే లైంగిక క్రోమోజోముల లెక్క తప్పడం.

నలభై ఆరు పోగులు

మన ఒంట్లోని దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములుంటాయి. పోగుల్లాంటి ఈ పదార్థం కణం విడిపోయే ముందు ముడుచుకుని, సూక్ష్మదర్శిని కింద పొట్టి దారపు ముక్కల్లా కనిపిస్తుంది. అన్నీ జతలే, మొత్తం 23 జతలు. ఇరవై రెండు జతలు ఆడా మగా తేడా లేకుండా ఒకేలా ఉంటాయి. ఇరవై మూడో జతలోనే తేడా. స్త్రీలో రెండు ఎక్స్‌లు, పురుషుడిలో ఒక ఎక్స్, ఒక వై. అండమూ వీర్యకణమూ తయారయ్యేటప్పుడు జతలు విడిపోయి ఒక్కొక్కటి ఒక్కో వైపు వెళ్లాలి. ఎప్పుడైనా ఒక జత విడిపోకుండా రెండూ ఒకే వైపు వెళ్లిపోతే, ఒక కణంలో ఒకటి ఎక్కువ, మరో కణంలో ఒకటి తక్కువ. ఆ కణంతో మొదలైన బిడ్డలో 46కు బదులు 47 ఉండవచ్చు, 45 ఉండవచ్చు.

ఎక్స్ ఒక్కటే ఉండి జత లేకపోతే టర్నర్ సిండ్రోమ్, ఆడపిల్లలకు వస్తుంది. రెండు ఎక్స్‌లూ ఒక వై ఉంటే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్, మగపిల్లలకు వస్తుంది. మూడు ఎక్స్‌లున్న స్త్రీలూ, రెండు వైలున్న పురుషులూ ఉంటారు.

ఈ లెక్క తేలడానికి మనిషికి చాలాకాలమే పట్టింది. 1923లో థియోఫిలస్ పెయింటర్ మనిషి క్రోమోజోములు 48 అని లెక్కగట్టాడు. ముప్పై ఏళ్లకు పైగా పాఠ్యపుస్తకాలన్నీ అదే అచ్చేశాయి. 1956లో స్వీడన్‌లోని లుండ్ నుంచి జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సరైన సంఖ్య 46 అని ప్రకటించారు. అసలు లెక్కే తప్పుగా ఉన్నప్పుడు, ఒకటి ఎక్కువో తక్కువో పట్టుకునేదెవరు?

అందుకే రోగుల్ని ముందు గుర్తించారు, కారణం తర్వాత తెలిసింది. అమెరికాలోని ఓక్లహామాలో హెన్రీ టర్నర్ 1938లో ఎదుగుదల ఆగిన ఏడుగురి గురించి రాశాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందే జర్మనీలో ఒట్టో ఉల్‌రిచ్ ఇలాంటి ఒక బాలికను వర్ణించాడు. 1942లో బోస్టన్‌లో హ్యారీ క్లైన్‌ఫెల్టర్ తొమ్మిది మంది మగవాళ్ల గురించి రాశాడు. వాళ్లందరికీ రొమ్ములు పెరిగాయి, వృషణాలు చిన్నవి. 1959 వచ్చేసరికి చిక్కుముడి వీడింది. ఎడిన్‌బరోలో పాతికేళ్లు కూడా నిండని పెట్రీషియా జేకబ్స్, జాన్ స్ట్రాంగ్‌తో కలిసి క్లైన్‌ఫెల్టర్ రోగిలో 47 క్రోమోజోములు లెక్కపెట్టింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో చార్లెస్ ఫోర్డ్ బృందం ఒక పద్నాలుగేళ్ల టర్నర్ అమ్మాయిలో 45 మాత్రమే ఉన్నాయని చూపింది. మన కథలో హాఫ్‌శారీ వేదిక మీద నిలబడిన అక్కకూ దాదాపు అదే వయసు.

మూడు రంగుల మగ పిల్లి

ఇరవై ఒకటో క్రోమోజోము ఒకటి ఎక్కువైతే డౌన్ సిండ్రోమ్ వస్తుంది. పెద్ద క్రోమోజోముల్లో చాలావాటికి ఒకటి ఎక్కువైతే బిడ్డ పుట్టనే పుట్టదు. మరి ఎక్స్ కూడా చిన్నదేం కాదు, వందల జన్యువులున్న పెద్ద పోగే. అది ఒకటి ఎక్కువైనా మనిషి బడికి వెళ్తున్నాడు, ఉద్యోగం చేస్తున్నాడు, పెళ్లి చేసుకుంటున్నాడు. ఎలా?

జవాబు పిల్లి చర్మం మీద ఉంది. నలుపు, నారింజ, తెలుపు కలిసిన మూడు రంగుల పిల్లిని చూసే ఉంటారు. దాదాపు ఎప్పుడూ అది ఆడదే. నారింజ రంగు జన్యువు ఎక్స్ మీద ఉంటుంది. ఆడపిల్లి ఒంట్లో ఒక్కో కణంలో ఒక్కో ఎక్స్ నిద్రపోతుంది. ఒక ఎక్స్ మేల్కొని ఉన్న చోట నలుపు, మరో ఎక్స్ మేల్కొని ఉన్న చోట నారింజ. 1949లో కెనడాలో ముర్రే బార్, ఈవార్ట్ బెర్‌ట్రామ్ ఆడపిల్లుల నాడీకణాల్లో ఒక నల్లని చుక్కను చూశారు. మగపిల్లుల్లో అది లేదు. అది నిద్రపోతున్న ఎక్సేనని తర్వాత తేలింది. 1961లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త మేరీ లయన్ దీని సూత్రాన్ని చెప్పింది. ఎన్ని ఎక్స్‌లున్నా కణం ఒక్కదాన్నే పూర్తిగా పనిచేయనిస్తుంది, మిగిలినవాటిని ముడిచి పక్కన పెడుతుంది.

మరి మూడు రంగుల మగ పిల్లి? అరుదుగా దొరుకుతుంది. దాన్ని పరీక్షిస్తే తరచూ రెండు ఎక్స్‌లు, ఒక వై బయటపడతాయి. అంటే అది క్లైన్‌ఫెల్టర్ పిల్లి!

అదనపు ఎక్స్ నిద్రపోతే ఇక సమస్య దేనికి? ఆ నిద్ర పూర్తి నిద్ర కాదు కనుక. ఎక్స్ కొసల్లోని కొన్ని జన్యువులు మేల్కొనే ఉంటాయి. వాటిలో ఎముకల ఎదుగుదలను నడిపే జన్యువు ఒకటుంది, దాన్ని షాక్స్ అంటారు. ఎక్స్ ఒకటే ఉన్న టర్నర్ అమ్మాయిలో అది ఒక పాలే ఉంటుంది, అందుకే ఎత్తు తగ్గుతుంది. ఎక్స్‌లు, వైలు ఎక్కువైనవాళ్లలో అది మూడు పాళ్లు, అందుకే వాళ్లు తరచూ పొడగరులవుతారు.

తప్పెవరిది?

ఈ ప్రశ్న మన ఇళ్లలో తప్పకుండా వస్తుంది, సమాధానమూ ముందే సిద్ధంగా ఉంటుంది: తల్లిది. గ్రహణం రోజు బయట తిరిగింది, కడుపుతో ఉన్నప్పుడు బరువులెత్తింది, మేనరికం చేసుకున్నారు. లెక్కలు తీస్తే కథ వేరు. టర్నర్ అమ్మాయిల్లో దాదాపు ముప్పావు మందిలో మిగిలిన ఎక్స్ తల్లి ఇచ్చినదే. రాకుండా పోయింది తండ్రి వైపుది. క్లైన్‌ఫెల్టర్‌లో దాదాపు సగం తండ్రి వైపు నుంచి, సగం తల్లి వైపు నుంచి వస్తుంది. రెండు వైలున్న మగవాడికి ఆ అదనపు వై తండ్రి నుంచి తప్ప మరెక్కడి నుంచీ రాదు. మూడు ఎక్స్‌ల విషయంలో మాత్రం ఎక్కువగా తల్లి అండంలోనే జత విడిపోక తేడా వస్తుంది, తల్లి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశమూ కొంత పెరుగుతుంది.

పోనీ, ఇక తండ్రిని తప్పుపడదామా? అదీ కుదరదు. కణం విడిపోతున్నప్పుడు జరిగిన పొరపాటు ఇది. మేనరికం వల్ల వచ్చేవి వేరే జబ్బులు. తిండి వల్ల, పని వల్ల, పాపం వల్ల రాదు. మామూలుగా వంశంలో కొనసాగదు కూడా. అక్కకు ఉందని చెల్లికి ఉండాలని లేదు.

ఆడపిల్ల విషయంలో

టర్నర్ సిండ్రోమ్ దాదాపు రెండు వేల నుంచి రెండున్నర వేల మంది ఆడశిశువుల్లో ఒకరికి ఉంటుంది. ఎక్స్ ఒకటే ఉన్న పిండాల్లో నూటికి 99 గర్భంలోనే జారిపోతాయి. పుట్టిన ఆ ఒక్కతీ గట్టి పిండమన్నమాట. పుట్టగానే చేతులు కాళ్లు ఉబ్బి ఉండవచ్చు, మెడ పక్క చర్మం మడతపడి ఉండవచ్చు. అవి కనిపిస్తే డాక్టరుకు వెంటనే అనుమానం వస్తుంది. చాలామందిలో అంత స్పష్టంగా ఉండదు. బడికి వెళ్లే వయసులో వరుసలో ముందు నిలబడుతుంది, ఆ వరుస ఎప్పటికీ మారదు. చికిత్స లేకపోతే పెద్దయ్యాక సగటు స్త్రీ కంటే దాదాపు 20 సెంటీమీటర్లు పొట్టిగా మిగిలిపోతుంది. అండాశయాలు చిన్నప్పుడే ఎండిపోవడం వల్ల ఎక్కువమంది తమంతట తాము పెద్దమనిషి కారు.

తెలివికి సాధారణంగా ఢోకా లేదు. చదువుతారు, ఉద్యోగాలు చేస్తారు. జ్యామితి, పటాలు, దారులు గుర్తుపెట్టుకోవడం కొందరికి కష్టం. అసలు భయం ఎత్తు గురించి కాదు, గుండె గురించి. దాదాపు ముగ్గురిలో ఒకరికి గుండె కవాటంలోనో, గుండె నుంచి బయల్దేరే మహాధమనిలోనో పుట్టుకతోనే తేడా ఉండవచ్చు. మూడు రేకులుండాల్సిన కవాటానికి రెండే ఉంటాయి, లేదా ధమని ఒకచోట ఇరుకై ఉంటుంది. మూత్రపిండాలు, వినికిడి, థైరాయిడ్ కూడా చూపించుకోవాలి. “పొట్టిగా ఉంటే ఏమైతది, పెండ్లి కాదా?” అని వదిలేస్తే వదిలేస్తున్నది ఎత్తును మాత్రమే కాదు.

చికిత్సకు రెండు మెట్లు. చిన్నతనంలోనే, వీలైతే నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య, ఎదుగుదల హార్మోను ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి. పదకొండు, పన్నెండేళ్లప్పుడు తక్కువ మోతాదులో ఈస్ట్రోజన్ మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ఎముకల చివరలు మూసుకుపోయాక ఇంజెక్షన్లతో ఎత్తు రాదు. పదిహేనేళ్లకు కాదు, అయిదేళ్లకు అడగాలి అనడానికి కారణం ఇదే.

ఖరీదు? ఏళ్ల తరబడి రోజూ ఇంజెక్షన్ అంటే క్యాబ్ డ్రైవర్ ఇంటికి భారమే. కేంద్రం 2021లో ప్రకటించిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో టర్నర్ సిండ్రోమ్‌కు ఎదుగుదల హార్మోను చికిత్స కూడా ఉంది. ఆ విధానం కింద దేశంలో ఎంపిక చేసిన కేంద్రాల్లో హైదరాబాద్‌ది ఒకటి: పంజగుట్టలోని నిమ్స్ ఆస్పత్రి, ఉప్పల్‌లోని డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి నడిపేది. పిల్లను అక్కడికి తీసుకెళ్లి అడగడం తల్లిదండ్రుల పని. అడగాలని తెలియజేయడం మన అందరి పని.

మగపిల్లాడి విషయంలో

క్లైన్‌ఫెల్టర్ అంత అరుదేమీ కాదు. దాదాపు 650 మంది మగశిశువుల్లో ఒకరికి ఉంటుంది. వెయ్యి మంది అబ్బాయిలున్న బడిలో ఒకరో ఇద్దరో ఉండాలి. 2011 జనగణనలో హైదరాబాద్ నగర జనాభా 67 లక్షల పైచిలుకు. ఈ నిష్పత్తినే పట్టుకుని లెక్కేస్తే, అప్పుడే నగరంలో అయిదు వేల మందికి పైగా ఉండాలి. వాళ్లెక్కడ?

మన మధ్యే ఉన్నారు. వాళ్లకే తెలియదు. ఆరోగ్య రికార్డులు పకడ్బందీగా ఉండే డెన్మార్క్‌లోనే 2003 నాటి అధ్యయనంలో, ఈ స్థితి ఉన్నవాళ్లలో నలుగురిలో ఒకరికి మాత్రమే జీవితంలో ఎప్పుడో నిర్ధారణ అయిందని తేలింది. యుక్తవయసుకు ముందే పదిమందిలో ఒకరికి కూడా తెలియలేదు.

తెలియకపోవడానికి కారణముంది. చిన్నప్పుడు పెద్ద తేడా కనిపించదు. మాటలు కాస్త ఆలస్యంగా వస్తాయి. చదవడం, రాయడం కష్టపడి నేర్చుకుంటాడు. సిగ్గరి. ఇంట్లో “మెత్తనోడు” అంటారు, బడిలో “మొద్దు” అంటారు. పద్నాలుగు, పదిహేనేళ్లకు కాళ్లు పొడుగ్గా సాగుతాయి, మీసం సరిగా రాదు, కొందరికి రొమ్ములు పెరుగుతాయి. పిల్లాడు పీటీ పీరియడ్‌కు చొక్కా విప్పడు, ఈతకు రాడు. ఎందుకో తల్లికి చెప్పడు, తండ్రి అడగడు. ఆ తర్వాత పెళ్లవుతుంది. ఆరేళ్లు గడుస్తాయి.

వీర్యంలో కణాలే లేని మగవాళ్లలో దాదాపు పదిమందికి ఒకరిలో క్లైన్‌ఫెల్టర్ బయటపడుతుంది. మరికొందరిలో క్రోమోజోముల సంఖ్య సరిగానే ఉంటుంది కానీ వై మీద చిన్న ముక్కలు ఎగిరిపోయి ఉంటాయి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో కుమారస్వామి తంగరాజ్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో వీర్యంలో కణాలు లేని 340 మందిని పరీక్షిస్తే 29 మందిలో వై ముక్కలు లేవని తేలింది. తెలుగులో ‘గొడ్రాలు’ అనే మాట ఉంది. ఆ బరువంతా మోసే మాట మగవాడికి జనం నోట వినపడదు. మాట లేదు కాబట్టి పరీక్ష కూడా లేదు.

ఇక్కడా చేయగలిగింది ఉంది. యుక్తవయసులో టెస్టోస్టిరాన్ మొదలుపెడితే ఒంట్లో సత్తువ, ఎముకల బలం, మనసు కుదురు వస్తాయి. రొమ్ములు ఇబ్బంది పెడితే చిన్న శస్త్రచికిత్స సరిపోతుంది. చిన్నప్పుడే పట్టుకుంటే స్పీచ్ థెరపీ, చదువులో సాయం అందుతాయి. మధుమేహం, ఎముకల బలహీనత మీద కన్నేసి ఉంచవచ్చు. తండ్రి అయ్యే దారి కూడా పూర్తిగా మూసుకుపోలేదు. సూక్ష్మదర్శిని సాయంతో వృషణం లోపలి నుంచే కణాలు వెతికే పద్ధతిలో పదిమందిలో నలుగురైదుగురికి వీర్యకణాలు దొరుకుతున్నాయి. కాకపోతే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు ఉన్న కాస్త ఉత్పత్తినీ అణిచేస్తాయి. పిల్లలు కావాలనుకునేవాళ్లు చికిత్సకు ముందే ఆ మాట డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఒక అపోహ కూడా తీర్చాలి. క్లైన్‌ఫెల్టర్ ఉన్నవాడు మగవాడే. మగతనం తేల్చే జన్యువు వై మీద ఉంది, అతడికి ఆ వై ఉంది. అతడిని ‘అటూ ఇటూ కాని’ మనిషని చాటుగా నవ్వుకోవడం అజ్ఞానం, క్రూరత్వం కూడా.

నేరం అంటగట్టిన వై

మూడు ఎక్స్‌లు దాదాపు వెయ్యి మంది ఆడవాళ్లలో ఒకరికి, రెండు వైలు దాదాపు వెయ్యి మంది మగవాళ్లలో ఒకరికి ఉంటాయి. కొందరికి చిన్నప్పుడు మాటలు, చదువు కొంచెం వెనకబడతాయి. చాలామందికి ఏమీ ఉండదు, జీవితాంతం తెలియదు కూడా. పిల్లలూ పుడతారు.

రెండు వైల వాళ్లకు మాత్రం సైన్సే ఒక అన్యాయం చేసింది. 1965లో స్కాట్లండ్‌లో నేరస్వభావం ఉన్న మానసిక రోగులను ఉంచే ఆస్పత్రిలో ఇలాంటివాళ్లు ఎక్కువగా ఉన్నారని పెట్రీషియా జేకబ్స్ బృందమే రాసింది. పత్రికలు అందుకున్నాయి, ‘నేరగాళ్ల క్రోమోజోము’ పుట్టింది. 1966లో షికాగోలో ఎనిమిది మంది నర్సు విద్యార్థినులను చంపిన రిచర్డ్ స్పెక్‌కు రెండు వైలున్నాయని రాశారు. పరీక్షిస్తే లేవు. 1976లో డెన్మార్క్‌లో 4,139 మంది పొడుగాటి మగవాళ్లను పరీక్షించిన అధ్యయనం ఈ క్రోమోజోముకూ హింసాస్వభావానికీ ముడి లేదని తేల్చింది. ఆ అధ్యయనంలో దొరికిన రెండు వైల వాళ్లు పన్నెండు మందే.

పాము నుంచి ప్రయోగశాల దాకా

ఈ కథలో హైదరాబాద్‌కు సొంత పేజీ ఉంది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోముల మీద పరిశోధన చేసిన లాల్‌జీ సింగ్, కట్లపాము జాతికి చెందిన ఒక పాము నుంచి ఒక డీఎన్ఏ వరుసను వేరు చేశాడు. పాముల్లో వ్యవహారం మనకు తిరగబడి ఉంటుంది. జత కుదరని క్రోమోజోములు ఆడపాముకే ఉంటాయి. ఎడిన్‌బరోలో కెన్ జోన్స్‌తో కలిసి ఆయన 1982లో ప్రచురించిన పరిశోధన ఆ వరుస సాయంతోనే ఒక వింతను విప్పింది. కొన్ని ఎలుకలు క్రోమోజోముల లెక్కలో ఆడవి, కానీ ఒళ్లు మగది. వై లోని ముక్క ఒకటి ఎక్స్ మీదికి దూకడమే కారణమని ఆ పత్రం చూపింది. పాము నుంచి వచ్చిన అదే పనిముట్టుతో ఆయన హైదరాబాద్ సీసీఎంబీలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని నిలబెట్టాడు. సీడీఎఫ్‌డీ పుట్టుకకూ ఆయనే చేయూత. 1998 నుంచి 2009 దాకా సీసీఎంబీకి డైరెక్టరుగా ఉన్నాడు, 2017లో కన్నుమూశాడు.

బోరబండకు ఇంకా దగ్గరగా ఉన్నది బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యుశాస్త్ర సంస్థ, జన్యువ్యాధుల ఆస్పత్రి. విశ్వవిద్యాలయం నడిపే ఇలాంటి ఆస్పత్రి మన దేశంలో అరుదు.

ఇలాంటి ప్రయోగశాలలో జరిగేది చూస్తే ముచ్చటేస్తుంది. చేతి నుంచి రెండు నుంచి అయిదు మిల్లీలీటర్ల నెత్తురు తీస్తారు, అంటే ఒక చెంచాడు. తెల్లకణాలు వాటంతట అవి విడిపోవు, వాటిని లేపాలి. లేపడానికి వాడేది రాజ్మా గింజల నుంచి తీసిన పదార్థం! మూడు రోజులు ఒంటి వెచ్చదనంలో ఉంచుతారు. కణాలు సరిగ్గా విడిపోబోయే క్షణంలో వాటిని ఆపాలి. ఆపేది కాల్చిసిన్, మన అడవినాభి మొక్కలోనూ ఉండే విషం. తర్వాత కణాలను పలుచటి లవణ ద్రావణంతో ఉబ్బించి, గాజుపలక మీద చుక్క జార్చి, రంగు వేస్తే పోగులు చారలు చారలుగా విడివిడిగా కనపడతాయి. ఒకటికి ఇరవై కణాల్లో లెక్కపెడతారు. అనుమానం ఉంటే ఇంకా ఎక్కువ, ఎందుకంటే కొందరిలో కొన్ని కణాల్లో 45, కొన్ని కణాల్లో 46 ఉంటాయి. ఈ పరీక్ష పేరు కారియోటైప్. నివేదిక ఒక చిన్న వరుస: 45,ఎక్స్, లేదా 47,ఎక్స్ఎక్స్‌వై. అన్నేళ్ల రందికి అంత చిన్న జవాబు.

గుమ్మం ముందు బోర్డు

బోరబండలో ఏ స్కానింగ్ సెంటర్‌కు వెళ్లినా గోడ మీద ఒక బోర్డు ఉంటుంది: ఇక్కడ లింగనిర్ధారణ చేయబడదు, అలా చేయడం చట్టరీత్యా నేరం. 1994 నాటి చట్టం పెట్టించిన బోర్డు అది. ఆడపిండాలను చంపకుండా కాపాడే గోడ, కూలకూడదు. కానీ అదే చట్టం క్రోమోజోము లోపాలను తెలుసుకోవడానికి గర్భస్థ పరీక్షలను అనుమతిస్తుంది. లైంగిక క్రోమోజోముల విషయంలో ఈ రెండూ ఒకే గుమ్మంలో ఎదురుపడతాయి. ‘టర్నర్’ అని రాస్తే కడుపులోది ఆడపిల్ల అని చెప్పినట్టే, ‘క్లైన్‌ఫెల్టర్’ అంటే మగపిల్లాడని చెప్పినట్టే.

ఇప్పుడు తల్లి నెత్తురుతోనే, పదో వారం నుంచి, బిడ్డ క్రోమోజోములను వడగట్టే పరీక్షలు వచ్చాయి. ఐటీ కారిడార్‌లో వీటిని చేయించుకునేవాళ్లు పెరుగుతున్నారు. ఇవి అనుమానం చెబుతాయి, తీర్పు చెప్పవు. నిర్ధారణకు ఉమ్మనీటి పరీక్ష కావాలి. అంతకన్నా ముఖ్యం, ఆ కాగితాన్ని విడమరచి చెప్పే మనిషి కావాలి. ‘47’ అనే అంకె చూసి బెదిరిపోయే దంపతులకు ఆ బిడ్డ ఎలా ఎదుగుతుందో, ఏ చదువు చదువుతుందో, ఏ సాయం అవసరమో చెప్పాలి. చెప్పకుండా చేతిలో కాగితం పెట్టి పంపితే, రెండు వైలకు నేరం అంటగట్టిన పాత తప్పునే మళ్లీ చేసినట్టు.

ఎప్పుడు అడగాలి?

ఆడపిల్ల నాలుగేళ్లు దాటాక ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోతే. తోటి పిల్లలందరికన్నా, తల్లిదండ్రుల ఎత్తును బట్టి ఉండాల్సినదాని కన్నా బాగా పొట్టిగా ఉంటే. పదమూడేళ్లకు ఛాతీ ఎదుగుదల మొదలవకపోతే, పదిహేనేళ్లకు పెద్దమనిషి కాకపోతే.

మగపిల్లాడికి మాటలు ఆలస్యమై, చదువు వెనకబడి, పద్నాలుగేళ్లకు యుక్తవయసు లక్షణాలు మొదలవకపోతే. మొదలై ఆగిపోయినట్టుంటే. రొమ్ములు పెరిగి రెండేళ్లైనా తగ్గకపోతే.

పెళ్లై ఏడాదైనా గర్భం రాకపోతే మొదట్లోనే ఇద్దరికీ పరీక్షలు. వీర్యపరీక్ష అన్నిటికన్నా సులువైనది. దాన్ని చివరికి వాయిదా వేయడంలో అర్థం లేదు. మళ్లీ మళ్లీ గర్భం జారిపోతుంటే దంపతులిద్దరి క్రోమోజోములూ చూపించుకోవాలి.

ఇవన్నీ ఉన్నంత మాత్రాన క్రోమోజోము లోపమే అనుకోనక్కర్లేదు. థైరాయిడ్ కావచ్చు, పోషకాహారం చాలకపోవచ్చు, నిజంగానే వంశం పొట్టిది కావచ్చు. ఏదైనా అడిగితేనే తేలుతుంది. మొదటి మెట్టుగా పిల్లల డాక్టరు చాలు. ఇంటి పక్క బస్తీ దవాఖానాలోనైనా ఎత్తు, బరువు కొలిపించి, పై ఆస్పత్రికి చీటీ రాయించుకోవచ్చు.

అంతకన్నా ముందు చేయాల్సింది ఇంట్లోనే ఉంది. ప్రతి పుట్టినరోజుకూ పిల్లను తలుపు దర్వాజాకు ఆనించి నిలబెట్టి, నెత్తి మీద స్కేలు పెట్టి, పెన్సిల్‌తో ఒక గీత గీయండి. పక్కన తేదీ రాయండి. గీత మీద గీత దగ్గరగా పడుతుంటే “మా ఇంట్ల అందరం పొట్టోళ్లమే” అని మీ అత్తగారు అంటారు, ఆవిడ మాట నిజమే కావచ్చు. అయినా ఒక ఉదయం పిల్లను తీసుకుని ఎంఎంటీఎస్ రైలు ఎక్కండి. భరత్‌నగర్, ఫతేనగర్, నేచర్ క్యూర్ హాస్పిటల్ దాటాక వచ్చేది బేగంపేట. బోరబండ నుంచి నాలుగో స్టేషను.